పైగదిలో కుర్చీలు

రెండో అంతస్తు మలుపు దగ్గర వినీల మళ్ళీ ఆగింది. ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వెనకాల శౌరయ్య భుజాన మంచినీళ్ళ క్యానుతో ఎక్కుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆమె కదిలితేగాని అతనికి దారి లేదు.

"కదలండి మేడమ్," అన్నాడు.

ఇంట్లో ఆమె అతని కోడలు. బడిలో మూడో తరగతి టీచరు. అతను అదే బళ్ళో అటెండరు. ఇంట్లో "అమ్మాయ్" అంటాడు, బళ్ళో "మేడమ్" అంటాడు. ఆమె ఇంట్లో "మామయ్యా", బళ్ళో "శౌరయ్యగారూ". ఆ పద్ధతి అతనే పెట్టాడు. పనిచేసే చోట చుట్టరికం పనికిరాదు అన్నాడు.

"ఒక్క నిమిషం శౌరయ్యగారూ. పట్టేసింది."

"ఎక్కడ?"

అది మామగారికి చెప్పే చోటు కాదు. పెదవి కొరుక్కుని కాలు ఎత్తబోయింది. ఎత్తలేక, చీర కుచ్చిళ్ళతో సహా ఆ కాలిని చేత్తో పట్టుకుని పై మెట్టు మీదికి లాక్కుంది.

శౌరయ్యకి ఒళ్ళు మండింది. ఆరో నెలకే ఇంత నాటకమా? ఆమె అత్త అమలమ్మ తొమ్మిదో నెల దాకా చల్లపల్లి అవతల మోకాలిలోతు బురదలో నాట్లు వేసింది. ఎవరి కాలూ ఎవరూ చేత్తో ఎత్తలేదు. ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి ఆ అమలమ్మ లేదు. పోయి మూడేళ్ళయింది.

ప్రార్థన గంట కొట్టాక కరస్పాండెంటు సిద్ధార్థ అతన్ని గదిలోకి పిలిచాడు. ముప్ఫై దాటని కుర్రాడు. తండ్రి హనుమయ్యగారు కట్టించిన బడిని ఆయన బదులు చూసుకుంటున్నాడు. ఎదురుగా టీవీ. టీవీలో ఇరవై నాలుగు గళ్ళు. గడికో క్లాసు. సిద్ధార్థ వేలుతో ఒక గడి చూపించాడు.

"మీ కోడల్ని చూడు శౌరయ్యా. గోడకి ఆనుకుని ఒంటికాలి మీద ఎలా నిలబడిందో. కొంగలాగా. రేపు పేరెంట్స్ ఎవరన్నా చూస్తే?"

"చెప్తా సార్."

"ఇందాక కిటికీ గట్టు మీద కూచుంది. నేను ఫోన్ చేసి లేపాల్సొచ్చింది. మనకి రూలుందా లేదా?"

"ఉంది సార్."

ఆ బళ్ళో ఏ క్లాసులోనూ టీచరుకి కుర్చీ లేదు. బల్ల ఉంటుంది. దాని మీద హాజరు పుస్తకం, డస్టరు ఉంటాయి. టీచరు నిలబడే చెప్పాలి, తిరుగుతూ చెప్పాలి. స్టాఫ్ రూములో బెంచీ ఉంది గాని, ఖాళీ పీరియడ్ రోజుకి ఒక్కటే. రెండేళ్ళ క్రితం క్లాసుల్లోని కుర్చీలన్నీ డాబా మీద గదిలోకి చేరాయి. మోసినవాడు శౌరయ్యే. ఆ గది తాళంచెవి అతని జేబులో గుత్తిలోనే ఉంది.

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆటోలో అతను మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. పటమట నుంచి యనమలకుదురు దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లు వస్తే అన్నిసార్లు ఆమె "అమ్మా" అంది. నాలుగోసారికి ఆటో అతను అద్దంలోంచి వెనక్కి చూశాడు. శౌరయ్యకి సిగ్గేసింది.

"రోడ్డుమీద ఆ అరుపులేంటి అమ్మాయ్?"

"నొప్పి మామయ్యా."

"కనపడదే?"

ఆమె బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటి ఓనరు వెంకటరత్నమ్మ గుమ్మంలోనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వినీల దిగడం చూసి పకపకా నవ్వింది.

"ఏమే పిల్లా, ఆ నడకేంటే? బాతు గట్టెక్కినట్టు! ఒళ్ళు వంచకపోతే ఇంతే. మాప్ కర్ర అవతల పారేసి, గొంతుక్కూచుని తడిగుడ్డ పెట్టు. రెండు గదులు తుడిస్తే కాన్పు ఇట్టే అయిపోద్ది. నేను ముగ్గుర్ని కన్నాను, కత్తి పడలేదు."

ఆ మాట శౌరయ్యకి నచ్చింది. ఖర్చు లేని మాట, కష్టపడమనే మాట. లోపలికెళ్ళి మాప్ కర్ర తీసి మంచం వెనకాల పెట్టాడు. బక్కెట్లో నీళ్ళు పట్టి పాత లుంగీ ముక్క వేసి గది మధ్యలో పెట్టాడు. వినీల ఆ బక్కెట్టు వంక చూసింది, అతని వంక చూసింది. కొంగు దోపుకుని గొంతుక్కూర్చుంది.

ఒక గది అయింది. రెండో గది సగంలో ఆమె వెనక్కి కూలబడింది. అరవలేదు. తడి నేల మీద రెండు చేతులూ ఆనించి, మోకాళ్ళు దగ్గరికి తెచ్చుకోవాలని చూస్తోంది. రావడం లేదు. శౌరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు. ముట్టుకుని లేపాలా? వెంకటరత్నమ్మని పిలవాలా? రెండూ చెయ్యలేదు. ఆటోనగర్ నుంచి కొడుకు జోయెల్ వచ్చేదాకా ఆమె ఆ తడిలోనే గోడకి చేరగిలబడి ఉంది.

జోయెల్ చేతులకి గ్రీజు ఇంకా పోలేదు. చంకల్లో చేతులేసి పెళ్ళాన్ని లేపి మంచం మీద పడుకోబెట్టాడు.

"అది ఫోన్లో చూసి ఆ సీతాకోకచిలక ఎక్సర్‌సైజు కూడా చేస్తోంది నాన్నా. పాదాలు కలిపి కూచుని మోకాళ్ళు ఆడించేది. నార్మల్ అవుద్దని. చేసిన కాడినుంచీ ఎక్కువైంది. రేపు నాకు లీవు లేదు. మీరు తీసుకెళ్ళండి."

"నేనా? ఆడాళ్ళ హాస్పిటల్‌కా?"

"మరి అమ్మ ఉందా?"



మంగళవారం హాస్పిటల్లో రెండు గంటలు కూర్చున్నారు. కూర్చుంది శౌరయ్య. వినీల కాసేపు కూర్చుంది, కాసేపు నిలబడింది, కాసేపు కుర్చీ వీపు పట్టుకుని వంగింది. చుట్టూ అందరూ ఆడవాళ్ళే. ఎదురుగా గోడ మీద నవ్వే పసిపిల్లవాడి బొమ్మ. శౌరయ్య ఆ బొమ్మని చూసీ చూసీ విసిగిపోయాడు. ఒకామె "కూతురా అండీ?" అంది. "కోడలు" అన్నాడు. ఆమె జాలిగా చూసింది. ఆ జాలి ఎవరి మీదో అర్థం కాలేదు.

డాక్టరు దగ్గర రెండు నిమిషాలు.

"బేబీ బాగుంది. బీపీ బాగుంది. నొప్పా? కడుపుతో ఉంటే నొప్పులు మామూలే కదమ్మా. డెలివరీ అయితే పోతుంది. కాల్షియం మానకు."

"ఇంకా మూడు నెలలుందండీ," అంది వినీల. "మంచంమీద పక్కకి తిరగాలంటే ప్రాణం పోతోంది. లంగా తొడుక్కోవాలంటే కాలెత్తలేకపోతున్నాను. దీనికేమన్నా ఉందా?"

"ఓర్చుకోవాలమ్మా. తల్లివి కాబోతున్నావు. నెక్స్ట్."

బయటికి వచ్చాక శౌరయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. విన్నావా, మామూలేనట, అనబోయాడు. వినీల గోడ పట్టుకుని ఏడుస్తోంది. నోరు తెరవకుండా, భుజాలు కదలకుండా ఏడుస్తోంది. అంత జాగ్రత్తగా ఏడిచే మనిషిని అతను ఇంతకుముందు ఒక్కరినే చూశాడు. అమలమ్మ నాట్ల నుంచి వచ్చి, పాకలో నిట్రాడ పట్టుకుని అలాగే నిలబడేది. "ఏంటే బాతు నడకా?" అని తనే నవ్వాడు. వెంకటరత్నమ్మ కాదు, తను.

ఇంజక్షన్ల ట్రే పట్టుకుని పోతున్న నర్సు ఆగింది. మాణిక్యం. వాళ్ళ చర్చికే వస్తుంది, ఆదివారం పూజలో ముందు వరసలో పాడుతుంది.

"ఏంటి బాబాయ్, ఇక్కడ?"

శౌరయ్య చెప్పలేక వినీల వంక చూపించాడు. వినీల ఆమె చెవిలో చెప్పింది. మాణిక్యం ట్రే బల్ల మీద పెట్టింది.

"ముందెముక దగ్గరేనా? వెనకాల పిరుదు దగ్గర కూడానా? పక్కకి తిరిగితే కలుక్కుమంటోందా? దీనికి డాక్టరమ్మ ఏం చెప్పదు. ఫిజియో సాయిశ్రీగారు చూస్తారు, పటమటలోనే. ఇప్పుడే వెళ్ళండి. బాబాయ్, ఇంటికి తీసుకుపోయి కూచోబెట్టావా, గుళ్ళో అందరి ముందూ అడుగుతా నిన్ను."

ఫిజియో గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. నడవలేనివాళ్ళకి వైద్యం మేడమీద! కింద నిలబడి శౌరయ్య ఆ బోర్డు వంక తిట్టినట్టు చూశాడు. ఫోన్ చేస్తే సాయిశ్రీ చెప్పుల్లేకుండా దిగి వచ్చింది. సన్నగా, పొట్టిగా, పదో తరగతి పిల్లలాగా ఉంది.

"సారీ అండీ, బిల్డింగ్ నాది కాదు. ఎలాగూ మెట్లు మీకు తప్పవు కదా, మొదటి పాఠం ఇక్కడే. ఏ కాలు ఎక్కువ నొప్పి? కుడిదా? అయితే ఎడం కాలు ముందు. కుడికాలు తెచ్చి అదే మెట్టు మీద పెట్టండి. ఆగండి. మళ్ళీ ఎడమ. ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ. దిగేటప్పుడు కుడికాలు ముందు. తొందరేం లేదు. అంకుల్, మీరు వెనకాల నుంచి తొయ్యకండి."

"నేనెక్కడ తోశాను?"

"కళ్ళతో తోస్తున్నారు."

పైన వినీలని బల్ల మీద పడుకోబెట్టింది. శౌరయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు తిరగండి అంకుల్. ఇంట్లో మీరే కదా ఉండేది? చూడాలి. అమ్మా, మోకాలు వంచకుండా కుడికాలు ఒక జానెడు లేపండి."

వినీల మొహం ఎర్రబడింది. మడమ బల్లని వదల్లేదు. శౌరయ్య చూశాడు. నాటకం అయితే మెడ మీద నరం అలా తేలదు.

సాయిశ్రీ రెండు అరచేతులూ ఆమె తుంటికి అటూ ఇటూ ఆనించి, లోపలికి నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు లేపండి."

కాలు లేచింది. జానెడు లేచింది. వినీల తల ఎత్తి తన కాలిని తనే నమ్మనట్టు చూసుకుంది. తర్వాత నవ్వింది. నెలన్నరలో ఆమె నవ్వడం శౌరయ్య చూడటం అదే మొదటిసారి.

"చూశారా అంకుల్? కాల్లో బలం లేక కాదు. బద్ధకం అంతకన్నా కాదు. నడుం కింద ఎముకలు చక్రంలాగా కలిసుంటాయి. ముందో కీలు, వెనకాల రెండు. కడుపుతో ఉన్నప్పుడు ఇవి సడలుతాయి. ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా కదిలితే ఇదీ సంగతి. గట్టిగా పట్టుకునేది ఏదన్నా ఉంటే పనిచేస్తాయి. అందుకే బెల్టు. అందుకే చుట్టూ కండలకి కసరత్తు."

శౌరయ్య బండిచక్రం అనుకున్నాడు. ఇనప పట్టా సడలితే లోపలి చెక్క ఆకులు అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఎద్దుని కొడితే చక్రం బాగవదు. ఆ మాట పైకి అనలేదు.

సాయిశ్రీ బెల్టు కట్టి చూపించింది. పొట్ట మీద కాదు, పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా. మూడువేళ్ళ వెడల్పు పట్టీ. "అందరూ పైకి కడతారు, అదే తప్పు. బిడ్డని ఇది ముట్టుకోదు." మంచంమీద తిరిగేటప్పుడు రెండు మోకాళ్ళూ అతికించి, మధ్యలో దిండు పెట్టుకుని, ఒంటిని దుంగలాగా ఒక్కసారే తిప్పాలి. బట్టలు కూర్చునే తొడుక్కోవాలి. ఆటో సీటు మీద ప్లాస్టిక్ కవరు వేసుకుని ముందు కూర్చుని, రెండు కాళ్ళూ కలిపి లోపలికి జారాలి. దిండుని మోకాళ్ళ మధ్య మెల్లగా నొక్కి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. నొప్పి వచ్చేదాకా ఏదీ చెయ్యకూడదు.

"ఫోన్లో చూసి మోకాళ్ళు విడదీసే ఎక్సర్‌సైజులు ఏమన్నా?"

"చేశాను."

"అవి మీకు వద్దు. గొంతుక్కూచుని తుడవడాలూ?"

వినీల ఒక క్షణం ఆగింది. "ఇంటి ఓనరుగారు చెప్తే..."

శౌరయ్య కిటికీ వంక తిరిగాడు. బక్కెట్టు పెట్టింది ఓనరుగారు కాదు.

"ఇంక వద్దు. ఇప్పుడు అసలు సంగతి. ఏం పని చేస్తారు?"

"టీచర్ని."

"హాయి. పని మానక్కర్లేదు. పావుగంటకోసారి కూర్చోండి. గట్టి కుర్చీ, ఊగకూడదు. పాదాలు నేలకి ఆనాలి. వీలైనంత కూర్చునే పాఠం చెప్పండి. పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది. ఇలాగే రోజంతా నిలబడితే మాత్రం ఎనిమిదో నెలకి చంకకర్రలు వస్తాయి. భయపెట్టడం కాదు, చూశాను."

"క్లాసులో కుర్చీ ఉండదండీ."

"మీ క్లాసులోనా?"

"ఏ క్లాసులోనూ."

సాయిశ్రీ నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో ఆపేసింది. "టీచరుకి కుర్చీ ఉండదా? ఏం, ఏమైంది కుర్చీలకి?"

శౌరయ్య జేబులో చెయ్యి పెట్టాడు. గుత్తి చేతికి తగిలింది. చెయ్యి బయటికి తీసుకున్నాడు.

బుధవారం పొద్దున అతను సిద్ధార్థ గదిలోకి వెళ్ళి సాయిశ్రీ రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. సిద్ధార్థ చదివాడు. చదివి వెనక్కి తిప్పి చూశాడు, వెనకాల ఏమన్నా ఉందేమోనని.

"ఒక్క కుర్చీ సార్. మూడు నెలలు."

"నువ్వు అడుగుతున్నావా శౌరయ్యా? నువ్వా?"

"నేనే సార్."

"ఒకరికిస్తే అందరూ అడుగుతారు. ఒకరికి మోకాలు, ఒకరికి మెడ. అంత నొప్పయితే లీవు తీసుకోమను. కాన్పు అయ్యాక పోస్టు ఖాళీ ఉంటే చూద్దాం." కాగితం తోశాడు. "అయినా ఈ రూలు ఎందుకొచ్చిందో నీకంటే ఎవరికి బాగా తెలుసు?"

శౌరయ్య కాగితం తీసుకున్నాడు.

తెలుసు. రెండేళ్ళ క్రితం మధ్యాహ్నం పూట అతను నీళ్ళ క్యానుతో పైకి పోతుంటే, ఒకటో తరగతిలో హెలెన్ టీచరు కుర్చీలో తల వాల్చి నిద్రపోతోంది. పిల్లలు గోల చేస్తున్నారు. ఆమెని లేపలేదు. ఒక్క మాట అడగలేదు. తిన్నగా కిందికి వచ్చి "కుర్చీ ఉంటే నిద్దరే వస్తది సార్" అన్నాడు. హనుమయ్యగారు కొడుకు వంక చూశారు. మర్నాడే కుర్చీలు పైకి వెళ్ళాయి. నెలాఖరుకి హెలెన్ టీచరు మానేసింది. అడిగిన మనిషి లేడు. ఆ రోజు అతనికి తన మాటకి బళ్ళో విలువుందని గర్వం కలిగింది. ఆ గర్వం చాలాకాలం ఉంది.

ఆ రోజంతా ఏ అంతస్తులో ఏ పని ఉన్నా అతను మూడో తరగతి మీదుగానే వెళ్ళాడు. వినీల రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడాలని చూస్తోంది. బెల్టు చీర కింద ఉంది. మూడో పీరియడ్‌కి బల్ల మీద మోచేతులు ఆనించింది. నాలుగో పీరియడ్‌కి కిటికీ గట్టు వంక చూసింది, కెమెరా వంక చూసింది, నిలబడింది. అయిదో పీరియడ్‌కి మళ్ళీ కొంగలాగా ఒంటికాలి మీదికి వచ్చేసింది.

ఇంటి దగ్గర శౌరయ్య మంచం వెనకాల పెట్టిన మాప్ కర్ర తీసి తనే గదులు తుడిచాడు. వెంకటరత్నమ్మ గుమ్మంలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో రాత! మామగారి చేత తుడిపిస్తోందా? ఆ బెల్టేంటి, బిడ్డ నలిగిపోద్ది కదయ్యా!"

"మీరు చిక్కుళ్ళు ఒలుచుకోండి," అన్నాడు.

గురువారం తెల్లవారగానే అతను బడి గేటు తీశాడు. వాచ్‌మన్ ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. శౌరయ్య డాబా ఎక్కి గది తాళం తీశాడు. పావురాలు లేచిపోయాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి. ఇనప చట్రాలు, ప్లాస్టిక్ వైరు అల్లిక. రెట్టలు, ఈకలు, రెండేళ్ళ దుమ్ము.

ఒక్కొక్కటే డాబా మీది కుళాయి దగ్గరికి తెచ్చి కొబ్బరిపీచుతో తోమాడు. బోర్లించాడు. ఎండ ఇంకా రాలేదు, గుడ్డతో తుడిచాడు. తర్వాత ప్రతి కుర్చీలో తను కూర్చుని చూశాడు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆ కుర్చీల్లో అతను ఎప్పుడూ కూర్చోలేదు. కొన్ని ఊగాయి. కొన్నిటి అల్లిక సాగి గుంటపడింది. ఒక్కదానికి నాలుగు కాళ్ళూ నేలని సరిగ్గా పట్టుకున్నాయి. దానిలో కూర్చుని అటూ ఇటూ బరువు వేసి చూశాడు. కదల్లేదు. దాన్ని పక్కన పెట్టాడు.

చేతికొకటి చొప్పున పన్నెండుసార్లు దిగి ఎక్కాడు. అయిదోసారికి మలుపులో ఆగి ఊపిరి తీసుకున్నాడు. తొమ్మిదోసారికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. క్లాసుకొకటి పెట్టుకుంటూ వచ్చాడు. కదలని కుర్చీ మూడో తరగతిలో, బల్లకీ బోర్డుకీ మధ్య పెట్టాడు.

సిద్ధార్థ వచ్చేసరికి బస్సులు వస్తున్నాయి. టీవీ ముందు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఇరవై నాలుగు గళ్ళలో ఇరవై నాలుగు కుర్చీలు. పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చాడు.

"శౌరయ్యా! ఏంటిది?"

"కుర్చీలు సార్."

"అది నాకూ కనపడుతోంది. ఎవరు దించమన్నారు?"

"ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నారు. ఇంకెవరూ అడగరు సార్."

"ప్రేయర్ అయ్యేలోపు అన్నీ పైకెక్కాలి."

"నా వల్ల కాదు సార్. నడుం పట్టేసింది."

"ఇప్పుడే కదయ్యా దించావ్!"

"దించేటప్పుడే పట్టింది."

"బాగానే నిలబడ్డావు కదా నా ముందు?"

"బయటికి కనపడదు సార్."

సిద్ధార్థ అతని మొహంలోకి చూశాడు. నవ్వు లేదు. పొగరు కూడా లేదు. బస్సు డ్రైవరు యేసుకుమార్‌ని పిలిచాడు. "నాకు ఇంకో ట్రిప్పుంది సార్" అని అతను బస్సెక్కేశాడు. ఆయాలు ఒకరి వెనకాల ఒకరు చిన్నపిల్లల బాత్రూముల వైపు మాయమయ్యారు. గేటు దగ్గర పిల్లల్ని దించుతున్న తల్లిదండ్రులు ఇటే చూస్తున్నారు. సిద్ధార్థ తెల్లచొక్కా చేతులు మడిచాడు. ఒకటో అంతస్తులో మొదటి క్లాసులోకి వెళ్ళి ఒక కుర్చీ ఎత్తుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తు మలుపు దాకా ఎక్కాడు. అక్కడ ఆయాసంతో ఆగాడు. కిందికి చూశాడు. ఇంకా ఇరవై మూడు. ఈలోగా ప్రార్థన గంట మోగింది. పిల్లలు వరసలు కట్టారు. అతను కుర్చీ ఆ మలుపులోనే దించేసి, చేతులు దులుపుకుంటూ దిగి వచ్చాడు.

"నాన్నగారు సోమవారం వస్తారు. అప్పుడు మాట్లాడదాం నీ సంగతి."

"మంచిది సార్."

మొదటి పీరియడ్ అంతా టీచర్లెవరూ కూర్చోలేదు. కుర్చీ పక్కనే నిలబడి పాఠాలు చెప్పారు, అది ఎవరిదో అయినట్టు. రెండో పీరియడ్‌కి ఆరో తరగతి లెక్కల మాస్టారు దాని మీద పుస్తకాలు పెట్టాడు. మూడో పీరియడ్‌కి వినీల కూర్చుంది. రెండు మోకాళ్ళూ దగ్గరగా పెట్టి, బల్ల అంచు పట్టుకుని, మెల్లగా. ఫోన్ మోగుతుందేమోనని తలెత్తి కెమెరా వంక చూసింది. మోగలేదు. పుస్తకం తెరిచింది. మధ్యాహ్నానికి కింద టీవీలో సగం గళ్ళలో జనం కూర్చుని ఉన్నారు. సిద్ధార్థ టీవీ కట్టేశాడని ఆయాలు చెప్పుకున్నారు.

సాయంత్రం బడి వదిలాక వినీల దిగుతోంది. కుడికాలు ముందు. ఎడంకాలు అదే మెట్టు మీదికి. శౌరయ్య రెండు మెట్లు కింద, ఆమె వైపు తిరిగి, వెనక్కి వెనక్కి దిగుతున్నాడు. రెండో అంతస్తు మలుపులో కరస్పాండెంటు వదిలేసిన కుర్చీ అలాగే ఉంది. వినీల దాని మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఇక్కడ కూడా ఒకటుండటం బాగుంది మామయ్యా."

బళ్ళో ఉండగా మామయ్యా అంది. అతను సరిదిద్దలేదు.

"ఇవన్నీ పైగదికి ఎందుకెళ్ళాయి?" అంది.

చెప్పకపోతే తెలియదు. బళ్ళో ఆ సంగతి తెలిసింది తండ్రికీ కొడుక్కీ తనకే. వాళ్ళు చెప్పరు. శౌరయ్య కమ్మీ మీద చెయ్యి పెట్టాడు.

"నేను చెప్పబట్టి. హెలెన్ టీచరు కుర్చీలో నిద్రపోతోందని చెప్పాను. మర్నాడు తీయించారు. మోసింది కూడా నేనే."

వినీల కళ్ళు తెరిచింది. 

"హెలెన్ టీచరుకి అప్పుడు మూడో నెల మామయ్యా. పగలూ రాత్రీ ఒకటే మగతట. స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. సార్‌కి చెప్పిందెవరో ఎవరికీ తెలియదు."

"నాకు తెలియదమ్మాయ్. మూడో నెలని."

"మీరు అడగలేదు."

"అడగలేదు."

ఆమె రెండు మోకాళ్ళూ కలిపి, కుర్చీ చేతులమీద బరువు మోపి లేచింది. అతను చెయ్యి అందించాడు. ఆమె కమ్మీ పట్టుకుంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. శౌరయ్య జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు విప్పి సీటు మీద పరిచాడు. వినీల ముందు కూర్చుని, రెండు కాళ్ళూ కలిపి లోపలికి జరిగింది. అతను డ్రైవరు పక్కన, సగం సీటు మీద ఎక్కాడు.  

మొదటి స్పీడు బ్రేకరు కనపడగానే డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"నెమ్మదిగా పోనియ్యి." తర్వాత వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అమ్మాయ్, వస్తోంది. పట్టుకో."

ఇంటిదాకా పదకొండు ఉన్నాయి. ఆ రోజుకి ముందు అతను లెక్కపెట్టలేదు. పదకొండిటికీ ముందే చెప్పాడు.